మధ్యాహ్నం సున్నా

స్తంభాలు ఎక్కినన్నాళ్లు నన్నెవరూ పెద్దగా తిట్టలేదు. గాలివానకు తెగిన తీగ కలిపి కిందికి దిగితే ఎవరో ఒకరు చాయ్ తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. నేల మీదికి వచ్చి, "కరెంటు జర తక్కువ వాడుండ్రి" అని చెప్పడం మొదలుపెట్టాకే తిట్లు తినడం నేర్చుకున్నాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన నా ఉద్యోగంలో చివరి రెండేళ్లు ఇదే పని. ఆర్మూర్‌లో కొన్ని వాడల్లో పాత మీటర్లు తీసి స్మార్ట్ మీటర్లు పెట్టారు. పెట్టేవాళ్లు వేరే. వాటిని చూసుకుని ఇంటివాళ్లు కరెంటు పొదుపు చేసేలా ఒప్పించడం నా వంతు.

ఇప్పుడు ఆ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. ట్రైనింగులో వాళ్లకు యాప్ ఎలా తెరవాలో చెబుతున్నారు గాని తలుపు ఎలా తట్టాలో చెప్పడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నాకొచ్చిన మెమోలు ఇందులో ఉండవు. రెండు మూడు ఇళ్ల ముచ్చట్లు, ఒక పెద్ద తప్పు ఉంటాయి. ఆ తప్పు నాదే.

మా వృత్తిలో మొదటి పాఠం ఒకటుంది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైను ఆపించాలి. ఆపామని అవతలి మనిషి నోటితో చెప్పాకే నిచ్చెన వేయాలి. దీన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటాం. 'ఆపే ఉంటారులే' అనుకుని ఎక్కినవాళ్ల ఫోటోలు దండలతో మా ఆఫీసు గోడ మీద ఉన్నాయి. అన్నేళ్ల సర్వీసులో నేను ఒక్కసారి కూడా ఎల్‌సీ లేకుండా స్తంభం ఎక్కలేదు. అంత జాగ్రత్త గలవాణ్ని, ఒక ఇంటి గడప మాత్రం ఏమీ అడగకుండా ఎక్కాను.

మైకు ఆటో

మా పై అధికారి ఏడీఈ గారు మంచి మనిషే గాని ఆయనకు మైకు పిచ్చి. ఏ సమస్య వచ్చినా ఒక ఆటో, దానికో మైకు, నాలుగు కట్టల కరపత్రాలు అనేవారు. స్మార్ట్ మీటర్లకూ అదే మందు వేశారు. పసుపు ఆరబెట్టే రోజులు, ఊరంతా ఘాటు వాసన. ఆ సందుల్లో మా ఆటో తిరుగుతుంటే పిల్లలు ఐస్‌క్రీం బండి అనుకుని వెంటపడ్డారు. పెద్దవాళ్లు ఒక్కరూ బయటికి రాలేదు.

మైకు కంటే పుకార్లు త్వరగా తిరిగాయి. ఈ మీటర్లో కెమెరా ఉందట అన్నారు. ఇంట్లో మాట్లాడుకునేది ఆఫీసులో వినబడుతుందట అన్నారు. ఒక అవ్వ ఏకంగా మీటరు మీద తువాల కప్పింది. నేను పోయి తువాల తీసి, ఇందులో కెమెరా లేదని అరగంట చెప్పాను. అంతటితో ఊరుకోక నా తెలివి కూడా చూపించాను. "అవ్వా, నువ్వు పొద్దుగాల ఆరింటికి నీళ్ల రాడ్ పెట్టి గంటన్నర మర్చిపోతున్నవ్. గదొక్కటి చూసుకో, చాలు" అన్నాను.

అవ్వ నన్ను కిందినుంచి మీదికి చూసింది. "కెమెరా లేదంటివి. మరి నేను ఎప్పుడు తానం జేస్తున్ననో నీకెట్ల ఎర్కయింది?" అంటూ తువాల తీసుకుని మళ్లీ కప్పేసింది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ రోజు నుంచి మీటరు యాప్‌లో ఎవరింటి వాడకం గీతా వాళ్లు అడక్కుండా నేను చదివి చెప్పలేదు, ఒక్క ఇంట్లో తప్ప.

పొదుపు అతి అయితే ఏమవుతుందో కూడా చూశాను. మా కాలనీలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. మీటరు యాప్ ఆయన ఫోన్‌లో పెట్టి ఇచ్చిన పాపం నాదే. వారం తిరిగేసరికి ఆయన భార్య నన్ను బజార్లో ఆపింది. "ఏం నాయనా, మా సారు చేతిల ఏం బెట్టి పోయినవ్? ఫ్రిజ్ బంద్ జేసిండు, పాలు ఇరిగినయ్. నేను మిక్సీ పడితే ఫోన్ పట్టుకొని పక్కన నిలవడుతుండు" అంది. నేను ఇంటికి పోయి మాస్టారికి దండం పెట్టాను. "సారూ, పొదుపు అంటే ఉత్తగ పోయేది ఆపుడు, అవసరానికి వాడేది ఆపుడు కాదు" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు గాని, మిక్సీకి మాత్రం రోలే మేలని చివరిదాకా వాదించారు. రుబ్బేది ఆయన కాదు గనుక వాదించగలిగారు.

జీపులో పోయిన రోజు

బీడీలు చుట్టే వాడకు ఎండలు ముదరక ముందే ఒకసారి పోయాను. ఏడీఈ గారు రాసిచ్చిన ఉపన్యాసం ఆడవాళ్ల ముందు మైకు పట్టుకుని చదివాను. 'మధ్యాహ్నం పూట గంటసేపైనా ఫ్యాన్లు ఆపండి' అనే మాట దగ్గర వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నా మాటతీరు నచ్చిందనుకున్నాను. ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను, ఇవాళ జనాన్ని భలే నవ్వించానని.

తర్వాత మే నెల వచ్చింది. మా ఊరి గుట్ట రాళ్లు కాలి, రాత్రికి కూడా చల్లారని రోజులు. ఆఫీసులో కూర్చుని ఇళ్ల గీతలు చూస్తున్నాను. స్మార్ట్ మీటరు నెలకొక అంకె ఇచ్చి ఊరుకోదు. రోజంతా ఇంట్లో కరెంటు ఎప్పుడు ఎంత నడిచిందో గీత గీసి చూపిస్తుంది. అందరిళ్ల గీత మధ్యాహ్నం గుట్టలా లేస్తుంటే, గంగమణి అనే ఆమె ఇంటి గీత మాత్రం పదకొండు నుంచి నాలుగు దాకా నేల మీద పాకుతోంది. పొద్దున, సాయంత్రం మామూలుగానే ఉంది. మధ్యాహ్నం దాదాపు సున్నా.

గంగమణి నాకు తెలిసిన మనిషే. యాభై దాటాయి. భర్త పదేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చి ఇప్పుడు నందిపేట్ దారిలో షేర్ ఆటో నడుపుతున్నాడు. ఆమె ఇంటి ముందు గదిలో వాడకట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని బీడీలు చుడతారు. అందరి కట్టలూ లెక్క చూసి కార్ఖానాకు అప్పజెప్పేది ఆమే. అంతమంది ఉన్న ఇంట్లో, అంత ఎండలో ఫ్యాన్ తిరగదా? మీటరు తప్పించి తీగకు కొండి తగిలించిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. తనిఖీ వాళ్లను వెంటేసుకుని మిట్టమధ్యాహ్నం జీపులో దిగాను.

లోపలికి పోయేసరికి ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని చుడుతున్నారు. మీద ఫ్యాన్ ఆగి ఉంది. జీపు చప్పుడు విని ఆపేశారనుకున్నాను. వాకిట్లో జనం గుమిగూడారు. అంతమందిలో గొంతు పెంచి అన్నాను:

"గింత ఎండల ఫ్యాన్ లేకుండ ఎనిమిది మంది కూసుంటరా, గంగమణీ? కొండి యాడ తగిలించినవో నువ్వే చూపియ్. మేం దొరకవడితే కేసు పెద్దగైతది."

గంగమణి చాట పక్కన పెట్టి లేచింది. పోయి ఫ్యాన్ స్విచ్ వేసింది.

ఫ్యాన్ మూడు చుట్లు తిరిగిందో లేదో, ఎనిమిది చాటల్లోని తంబాకు పొడి ఒక్కసారి లేచింది. కత్తిరించిన ఆకులు గదంతా ఎగిరాయి. తనిఖీకి వచ్చిన ఇద్దరూ తుమ్ముకుంటూ వాకిట్లోకి పరుగెత్తారు. నాకు కళ్లలో నీళ్లు, ముక్కులో మంట. గంగమణి స్విచ్ ఆపి నా ఎదురుగా నిలబడింది.

"సమజైందా అన్నా? గాలికి తంబాకు లేస్తది. తడిపి పెట్టుకున్న ఆకు ఎండి పట్టుకుంటే ఇరుగుతది. పొద్దంత ఫ్యాన్ ఏస్కుంటే బీడీ యాడికెళ్లి అయితది? నాడు మైకుల ఫ్యాన్లు ఆపుండ్రి అంటివి, గందుకే నవ్వినం. ఇయ్యాల ఫ్యాన్ ఎందుకు ఏస్తలేవని దొంగను జేస్తివి."

తనిఖీ వాళ్లు సర్వీసు వైరు మొదలుకుని మీటరు సీలు దాకా చూశారు. ఎక్కడా ఏమీ లేదు. నేను ఒక్క మాట కూడా చెప్పకుండా జీపెక్కి వచ్చేశాను. అనుమానించడం కంటే అలా జీపెక్కి రావడమే పెద్ద తప్పని ఇప్పటికీ అనుకుంటాను.

రెండు రోజుల్లో ఆ మాట ఊరంతా పాకింది. జీపు వచ్చిందన్నది అందరూ చూశారు, ఏమీ దొరకలేదన్నది ఎవరూ చెప్పుకోలేదు. కార్ఖానాలో కట్టలు తీసుకునే మున్షీ కూడా ఆమె తెచ్చిన కట్టలు విప్పి రెండోసారి లెక్కపెట్టాడట. అన్నేళ్లలో ఆమె కట్ట విప్పి చూసినవాళ్లు లేరు. వాడ వాడంతా ఆఫీసుకు వచ్చి, మీ మీటర్లు మీరు తీసుకుపొండి అన్నారు.

ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు

ఏడీఈ గారు నన్ను పిలిచి, "నువ్వు పోయి తప్పయిందని చెప్పకు. సంస్థ మనిషి తల దించితే రేపు ప్రతివాడూ మన నెత్తికెక్కుతాడు. మైకు ఆటో ఇంకోసారి పంపిద్దాం" అన్నారు. సరే సార్ అని బయటికి వచ్చాను.

ఇంటికి పోయి మంచం మీద పడుకుంటే పైన ఫ్యాన్ తిరుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ కూడా బీడీలే చుట్టింది. ఆ బీడీల మీదే నేను చదువుకున్నాను. వాకిట్లో గాలి లేస్తే అమ్మ చాట పట్టుకుని లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసేది. అది చూస్తూనే పెరిగాను. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో అమ్మకు ఫ్యాన్ కొనిచ్చాను. ఎప్పుడు మధ్యాహ్నం ఇంటికి వచ్చినా అది ఆగి ఉండేది. "అలంకారానికా తెచ్చింది?" అని ఒకసారి కేకలేశాను. "పొద్దుమీకినంక ఏస్త తీ, బిడ్డా" అంది. పిసినారితనం అనుకున్నాను. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఫ్యాన్ ఎందుకు వేయలేదో ఒక పరాయి ఇంట్లో తంబాకు కళ్లలో పడ్డాక గాని నాకు అర్థం కాలేదు. చాలా సిగ్గేసింది. అమ్మ మీద అరిచినందుకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కణ్నే నడుచుకుంటూ పోయి గంగమణి గడప బయట నిలబడ్డాను. "చెల్లె, లోపలికి రావచ్చునా?" అని అడిగాను.

"వస్తే రా. గని నాకొక్కదానికి జెప్తే నడ్వది" అంది తల ఎత్తకుండా. "యాడ అన్నవో గాడ జెప్పు. ఎందరి ముందర అన్నవో గందరి ముందర జెప్పు."

వాకిట్లోకి వచ్చి, వాడకట్టును పిలిచి, తప్పు నాదని, ఆ ఇంట్లో దొంగతనం ఏమీ లేదని గట్టిగా చెప్పాను. అక్కడినుంచి కార్ఖానాకు పోయి మున్షీ ముందూ అదే చెప్పాను. తిరిగి వచ్చేసరికి గంగమణి చాప పరిచి ఉంచింది.

"ఇగ కూసో అన్నా. రెండు గంటలు. మేం ఎట్ల కూసుంటమో నువ్వు గూడ జూడు."

కూర్చున్నాను. పావుగంటకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పక్కనున్న ఆమె, "సారుకు మైకు తెచ్చియ్యుండ్రి, ఫ్యాన్ ఆపుమని చెప్తడు" అంది. గది గదంతా నవ్వింది. ఈసారి నేను కూడా నవ్వాను, ఎందుకు నవ్వుతున్నారో తెలిసి.

చెప్పులేసుకుని ముట్టుకునే పైపు

రెండు గంటలు అయ్యేలోపు గంగమణి, "మా ఇంటి గీత ఏదో చూసినవట గద, మాగ్గూడ జూపియ్" అంది. ఫోన్ ఇచ్చాను. చదువు అయిదో తరగతి అని ముందే చెప్పింది. గీత మీద వేలు పెట్టి, "గిది మోటారు. గిది రాడ్. గిది మా ఆయన వచ్చినంక కూలర్" అని రోజు మొత్తం చదివేసింది. నేను ఇంజనీర్లకు అంత తొందరగా అర్థం చేయించలేకపోయాను. మధ్యాహ్నం దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఫ్యాన్ బంద్, బుగ్గలు బంద్. టీవీ పెడితే లెక్క తప్పుతదని నేనే పెట్టనియ్య. ఫ్రిజ్ లేనే లేదు. మరి గీత నేలకు ఆనలేదేందన్నా? జరంత లేసే ఉన్నది."

"మీటర్లల్ల గంత తేడా ఉంటది చెల్లె, దానికేం ఫికర్ లేదు" అన్నాను.

"నా కట్టల ఒక్క బీడీ తక్కువుంటే వాపస్ ఇస్తరు. నీ మీటర్ల తేడా ఉంటే నడుస్తదా?"

లేచి మీటరు దగ్గరికి పోయాను. ఇంట్లో ఒక్క స్విచ్ కూడా వేసి లేదు. అయినా మీటరు మీది ఎర్ర లైటు ఆగి ఆగి మిణుకుతోంది. ఎక్కడో కరెంటు పోతోంది. ఆమె ఎవరి కరెంటూ దొంగిలించలేదు సరికదా, ఆమె కరెంటే ఎటో కారిపోతోంది.

తీగ వెంట పోతూ ఇంటి వెనక్కి వచ్చాను. అక్కడ రేకుల స్నానాల గది. రేకులకు ఆసరాగా ఇనుప పైపు, పైపు మొదట్లో ఎప్పుడూ తడిగా ఉండే నల్లా. ఆ పైపుకే బట్టల దండెం కట్టి ఉంది. నేను చెయ్యి చాపబోతుంటే వెనకనుంచి ఒక ఆమె చాలా మామూలుగా అంది:

"సారూ, చెప్పులేస్కోని ముట్టుండ్రి. గా పైపు జివ్వుమంటది."

"ఎప్పటి సంది?"

"పోయిన వానలు వెలిసిన సంది. మాకు అలవాటైంది తీ."

టెస్టర్ పెట్టాను, లైటు వెలిగింది. స్నానాల గది బుగ్గకు, అంటే బల్బుకు పోయే తీగ మీద రబ్బరు చిట్లి, లోపలి రాగి ఆ ఇనుప పైపుకు ఆనుకుని ఉంది. ఇది ఎండాకాలం గనుక జివ్వుమంటోంది. నిండా వాన పడి రేకులు, నేల, దండెం తడిస్తే జివ్వుమని ఊరుకోదు. తడి దండేల మీద ప్రాణాలు పోయిన ఇళ్లకు నేను పోయి ఉన్నాను. ఆ ఇళ్లలో ఏం చూశానో ఇక్కడ రాయను. అప్పుడే గంగమణి మనవరాలు, నాలుగేళ్లది, ఒట్టి కాళ్లతో నల్లా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దాన్ని ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి దించి, మెయిన్ దగ్గరికి పరుగెత్తాను.

మెయిన్ ఆపి, ఆ తీగ తీసేసి, కొత్తది పైపుకు దూరంగా వేయించేసరికి పొద్దు వాలింది. మెయిన్ మళ్లీ వేసి, స్విచ్‌లన్నీ ఆపి, అందరం మీటరు ముందు నిలబడ్డాం. ఎర్ర లైటు మిణుకలేదు. గంగమణి నిమిషంసేపు చూసి, "గిప్పుడు సున్నా" అంది.

తర్వాత పొదుపు గురించి ఆ వాడలో నేను చెప్పింది తక్కువ. ఫ్యాన్లు బంద్ ఉండే వేళ ఇంకేం కరెంటు తింటున్నదో చూడుమని గంగమణి ఇల్లిల్లూ తిరిగింది. ఆ ఆడవాళ్ల అలవాటే తనిఖీ అయింది. దానికి 'మధ్యాహ్నం సున్నా' అని పేరు కూడా వాళ్లే పెట్టారు. ఒక ఇంట్లో ట్యాంకు నిండి పొర్లుతున్నా ఆగని మోటారు దొరికింది. ఇంకో ఇంట్లో తలుపు రబ్బరు ఊడిన ఫ్రిజ్ దొరికింది. మరో ఇంట్లో గంగమణి ఇంట్లోలాంటి తీగే దొరికింది. మీటర్లు తీసుకుపొమ్మన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఏడీఈ గారు అంతా విని, "నేను పోవద్దన్నాను, నువ్వు వినలేదు, ఇద్దరం బతికిపోయాం" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మైకులన్నీ క్షమించేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు గీత చూపించండి. ఇంటి యజమాని అని మగవాడికి చూపిస్తే ఆయన భార్య మీద అరుస్తాడు, అంతకు మించి ఏమీ జరగదు. చూపించాక కాసేపు నోరు మూసుకోండి. గీత మీద అనుమానం వస్తే జీపు తీయకముందు అడగండి.

శ్రావణి ఫోన్

నేను దిగిపోయిన రోజు ఆఫీసులో శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గంగమణి కబురు పెట్టింది. పోయేసరికి గది ఊడ్చి ఉంది. తంబాకు డబ్బాల్లోకి ఎత్తారు. ఆకు తడిబట్టలో చుట్టి మూలన పెట్టారు. ఎనిమిది చాటలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆ వేళప్పుడు ఆ గదిలో చాటలు ఖాళీగా ఉండడం నేనెన్నడూ చూడలేదు.

"ఇయ్యాల గంటసేపు పని బంద్ పెట్టినం" అని గంగమణి ఫ్యాన్ వేసింది. "నాడు చెమటల కూసుంటివి. ఇయ్యాల గాలికి కూసో అన్నా."

కూర్చున్నాను. చాయ్ ఇచ్చారు. ఫ్యాన్ కింద గాలికి కూర్చుంటే అమ్మే గుర్తొచ్చి కళ్లు తడిశాయి. తంబాకు కళ్లలో పడిందని చెప్పబోయి, గదిలో తంబాకు లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. నా స్థానంలో వచ్చిన శ్రావణి, ఇరవై అయిదేళ్ల పిల్ల.

"అంకుల్, డిస్టర్బ్ జేస్తున్ననా? గంగమణమ్మ ఇంట్ల ఎప్పుడు మధ్యాహ్నం సున్నా ఉంటది గద. నిన్న గంటసేపు గీత లేసింది. మళ్ల తీగ గిట్ల ఖరాబైందేమోనని భయమైతున్నది. పోయేముందు మిమ్మల్ని ఒక్కమాట అడుగుదామని."

ఎల్‌సీ తీసుకుంటోంది పిల్ల. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.

"తీగ మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాను. "నిన్న ఆడ ఫ్యాన్ కింద కూసున్నది నేనే."